సలేశ్వరం దారిలో నీళ్ల కుండలు: జాతర వాచర్లతో రెండు సీజన్ల పని

సలేశ్వరం జాతర మొదటి రోజు, పొద్దున పదిన్నర. చెంచు గిరిజనుల గూడెమైన రాంపూర్ చెంచుపెంట దగ్గర బండ్లు ఆగే చోట మా బల్ల ముందు లైను మలుపు దాటి పోయింది. ఆ ఏడు మాతో ఉన్న 22 మంది తాత్కాలిక వాచర్లలో 16 మందిని అక్కడే నిలబెట్టాను. సంచులు విప్పించి చూడడం, ప్లాస్టిక్ సీసాలు తీసి గోనెసంచుల్లో వేయడం, అగ్గిపెట్టెలు, లైటర్లు తీసుకోవడం వాళ్ల పని. మధ్యాహ్నానికి మా వెనక సీసాలు నడుమెత్తు గుట్ట అయ్యాయి. ఆ గుట్టను చూసి పని బాగా నడుస్తోందని అనుకున్నాను. అప్పుడు లోయ వైపు నుంచి ఒక కుర్రాడు పరుగున వచ్చాడు. దారి మధ్యలో ఒకావిడ కళ్లు తిరిగి పడిపోయిందట. చుట్టుపక్కల ఎవరి దగ్గరా నీళ్లు లేవు. ఆమె తెచ్చుకున్న సీసా మా గుట్టలో ఉంది.

వాచర్లు ఆమెను మోసుకుని నీడకు చేర్చారు. మేం నీళ్లు తీసుకుని పరుగెత్తాం. గంటలో తేరుకుంది. ఆమె భర్త కోప్పడలేదు. నా వైపు చూసి, "అమ్మా, మీకు చెత్త కనపడ్డది. మాకవి నీళ్లు" అన్నాడు.

రెండో ఏడు మేం చేసిన మార్పులన్నీ ఆ మాట నుంచే వచ్చాయి. ఏం మార్చాం, ఏది పనికొచ్చింది, ఏది ఇంకా మా చేతికి రాలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. జలపాతాల దగ్గర, కొండ మీది గుళ్ల దగ్గర, మేఘాలు చూడడానికి జనం ఎగబడే శిఖరాల దగ్గర సీజన్‌కు మనుషులను పెట్టి సందర్శకులను చూసుకునే పని మన దగ్గర చాలా చోట్ల మొదలైంది. ఆ పనిలో ఉన్నవాళ్లకు ఇది ఉపయోగపడాలని నా కోరిక.

నేను అటవీ శాఖ ఉద్యోగిని కాను. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున, శాఖ అనుమతితో, జాతర రోజులకు స్థానికులను ఎంపిక చేసి, శిక్షణ ఇచ్చి, దారి పొడవునా పనిలో పెట్టడం నా బాధ్యత. బండ్లు ఆగే చోటు నుంచి లోయ అంచు దాకా ఉన్న నడక దారి, లోయలోకి దిగే మొదటి ఇరుకు భాగం మాకు అప్పగించారు.

చోటు, కాలం

సలేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలో, నల్లమల కొండల మధ్య, అమ్రాబాద్ టైగర్ రిజర్వు లోపల ఉన్న లోతైన లోయ. నడి వేసవిలో కూడా పైనుంచి నీటి ధార గుండంలో పడుతూనే ఉంటుంది. గుండం దగ్గరి గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కలిపి జాతర జరుగుతుంది. మిగతా రోజుల్లో ఎవరు పడితే వాళ్లు అటు పోవడానికి వీల్లేదు.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రహదారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి, ఫర్హాబాద్ దగ్గర అడవిలోకి తిరిగితే రాంపూర్ చెంచుపెంట దాకా బండ్లు పోతాయి. అక్కడి నుంచి నాలుగైదు కిలోమీటర్ల నడక. లింగాల, అప్పాయిపల్లి వైపు నుంచి అడవి గుండా కాలినడకన వచ్చే భక్తులు వేరే. పత్రికలు దీన్ని తెలంగాణ అమర్‌నాథ్ యాత్ర అని రాస్తుంటాయి. ఆ పేరు విని వచ్చేవాళ్లలో ఇంటి ఇలవేల్పుగా లింగమయ్యను కొలిచేవాళ్లతో పాటు, ఫోనులో వీడియో చూసి ట్రెక్కింగ్ అనుకుని బయల్దేరే పట్నం కుర్రాళ్లూ ఉంటారు. ఇద్దరికీ ఒకే రకంగా చెబితే పని కాదు.

అమ్రాబాద్ రిజర్వు 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. పులి, చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, కొండగొర్రె అన్నీ ఇక్కడివే. ఈ అడవి గుండా పోయే శ్రీశైలం రహదారి మీద రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలను పోనివ్వరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా రాకూడదు. 30వ సెక్షన్ ప్రకారం అడవికి ముప్పు కలిగేలా నిప్పు రాజేయడం, మండుతున్న నిప్పును వదిలేసి పోవడం నేరం. ఇవన్నీ బోర్డుల మీద ఉన్నాయి. చదివేవాళ్లు తక్కువ.

ఈ పనిలో కొత్తగా వచ్చేవాళ్లు మరిచిపోయే విషయం ఒకటుంది. పౌర్ణమి ప్రతి ఏడూ ఒకే తేదీన రాదు. 2023లో చైత్ర పౌర్ణమి ఏప్రిల్ 6న వచ్చింది. 2024లో 23న, 2025లో 12న. రెండు వారాలకు పైగా తేడా అంటే అడవిలో చాలా తేడా. ఏప్రిల్ చివరికి ఆకు పూర్తిగా రాలి, బోద గడ్డి గలగలమని ఎండి, చెలిమలు అడుగంటి ఉంటాయి. మొదటి వారానికి వేసిన లెక్కతో చివరి వారంలో నీళ్లు సరిపోవు. మేం ఇప్పుడు పంచాంగం చూసే నీళ్ల ట్యాంకర్లు, నిప్పు కాపలా లెక్కలు వేస్తున్నాం.

నీళ్లు ఎండిపోయిన ఆ రోజుల్లో లోయలోని నీళ్లు జంతువులకూ కావాలి. జాతర మూడు రోజులూ వేల మంది గొంతులు అక్కడ మోగుతుంటే అవి దూరంగా ఆగి, చీకటి పడ్డాక దిగుతాయి. అందుకే సాయంత్రం జనాన్ని త్వరగా పైకి పంపాలి. ఈ కారణం చెబితే జనం వింటారు. "టైమైపోయింది, నడవండి" అంటే వినరు.

చెత్త చూపించిన మ్యాప్

మొదటి ఏడు జాతర అయిపోయిన రాత్రి అందరం కూర్చున్నాం. మా వాచర్లలో ఏళ్ల తరబడి వేసవిలో ఫైర్ వాచర్‌గా పని చేసిన ఒక చెంచు పెద్దాయన ఉన్నాడు. మూడు రోజులూ నేను చెప్పింది చేశాడు తప్ప ఎదురు చెప్పలేదు. ఆ రాత్రి నేనే అడిగాను. "మేడం, మీరు మనిషిని గేటు కాడ ఆపుతున్నరు. అడివిల తప్పు గేటు కాడ జరగదు. దప్పికైన కాడ జరుగుతది. అలిసి కూసున్న కాడ జరుగుతది. ఎవ్వరూ చూస్తలేరనుకున్న కాడ జరుగుతది" అన్నాడు.

మర్నాడు దారి శుభ్రం చేస్తున్నప్పుడు ఆయన మాట కళ్లకు కనిపించింది. చెత్త దారంతా ఒకే తీరుగా లేదు. వంద అడుగులు ఏమీ ఉండదు. ఒక పెద్ద నీడ చెట్టు కింద మాత్రం ఖాళీ ప్యాకెట్లు, పేపర్ ప్లేట్లు, చెప్పు తెగితే వదిలేసిన జత. మళ్లీ చాలా దూరం ఏమీ లేదు. లోయ దిగబోయే ముందు ఒక గుట్ట, ఎక్కి వచ్చాక ఊపిరి తీసుకునే బండ దగ్గర మరో గుట్ట. మనుషులు ఎక్కడ ఆగుతారో చెత్త గుర్తు పెట్టి చూపించింది. ఆ చోట్లన్నీ ఫోనులో జీపీఎస్‌తో గుర్తు పెట్టుకున్నాను. మొత్తం ఏడు వచ్చాయి.

రెండో ఏడు ఫాల్గుణంలోనే, జాతరకు నెల ముందు, పెద్దాయనతో, మరో ముగ్గురు వాచర్లతో ఆ దారి రెండుసార్లు నడిచాను. ఒకసారి పొద్దున, ఒకసారి మిట్టమధ్యాహ్నం. పొద్దున నీడ ఉన్న చోట మధ్యాహ్నం ఉండదు. అందుకే ఏడింటిలో రెండు చోట్లను కొంచెం జరిపాం.

ఆ ఏడు చోట్లా ఇద్దరేసి వాచర్లు, మూడేసి మట్టి కుండలు, పొడుగు కాడ ఉన్న గరిటె, ఒక గోనెసంచి. ఆ చోట్లనే మొదటి కుండ, రెండో కుండ అని వరసగా పిలుచుకున్నాం. గ్లాసులు పెట్టలేదు. భక్తులు దోసిలి పడితే వాచర్ గరిటెతో పోస్తాడు. తమ స్టీలు సీసా ఉన్నవాళ్లకు అందులో పోస్తాడు. దీనివల్ల రెండు లాభాలు కలిగాయి. ఒకటి, ప్లాస్టిక్ గ్లాసుల బెడద పోయింది. రెండోది నేను ముందుగా ఊహించలేదు. దోసిలి పట్టి నీళ్లు తాగే మనిషి నాలుగు క్షణాలు తల వంచి నిలబడతాడు. తాగి తలెత్తినప్పుడు ఎదుట ఉన్న మనిషి మాట వింటాడు. ఆ సమయంలో వాచర్ చెప్పే రెండు ముక్కలు గేటు దగ్గర మైకులో గంటసేపు చెప్పినదాని కంటే బాగా పని చేశాయి.

బండ్లు ఆగే చోట కూడా మాట మార్చాం. "సీసాలు తీయండి" అనే బదులు, "దారిలో ఏడు చోట్ల చల్లటి నీళ్లున్నయి, దోసిలి పట్టి తాగుండ్రి" అని ముందు చెప్పించాం. చాలామంది తమంతట తామే సీసాలు బల్ల మీద పెట్టారు. నమ్మకం కలగనివాళ్లను మొదటి కుండ దాకా రానిచ్చి, అక్కడ నీళ్లు చూశాక సీసా ఇమ్మని అడిగాం. ఇవ్వనివాళ్లు కొందరు ఉన్నారు. చిన్నపిల్లల తల్లుల దగ్గర మేం అసలు అడగలేదు.

నీళ్లు మోయడమే అన్నింటికంటే కష్టమైన పని. ట్యాంకరు రాంపూర్ దాకానే వస్తుంది. అక్కడి నుంచి కావడి మీద మోయాలి. తెల్లవారుజామున మూడింటికి మొదలుపెడితే జనం వచ్చే వేళకు కుండలు నిండేవి. రెండో రోజు మధ్యాహ్నం నాలుగో కుండ దగ్గర నీళ్లు అయిపోయి అరగంట ఆలస్యమైంది. ఆ అరగంటలో జనం తిట్టిన తిట్లు అక్కడున్న ఇద్దరు వాచర్లు పడ్డారు. కావడి మోసేవాళ్లకు విడిగా కూలి ఇవ్వాలని, వాళ్లను వాచర్ పనిలో కలపకూడదని ఆ రోజే నిర్ణయించాం.

ఇక్కడ ఒక విఫలమైన ప్రయత్నం కూడా చెప్పాలి. కేదార్‌నాథ్‌లో ప్లాస్టిక్ సీసాకు 10 రూపాయలు డిపాజిట్ తీసుకుని, ఖాళీ సీసా తిరిగి ఇస్తే డబ్బు వాపసు ఇచ్చే పద్ధతి నడిచింది. అలాంటిదే మేమూ ఒక పూట పెట్టాం. అక్కడ దుకాణాలున్నాయి, స్కాన్ చేసే ఏర్పాటు ఉంది. మాకు అడవిలో ఫోన్ సిగ్నల్ కూడా సరిగా అందదు. చిల్లర అయిపోయింది, లైను పెరిగింది, టెన్షన్ పెరిగింది. మధ్యాహ్నానికి ఆపేశాం.

నీళ్లు తాగని ఆడవాళ్లు

మొదటి ఏడు కళ్లు తిరిగి పడినవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లే. ఎండ, నడక, ఉపవాసం అనుకున్నాను. రెండో ఏడు కుండ దగ్గర కూర్చుని చూస్తుంటే అసలు సంగతి తెలిసింది. మగవాళ్లు రెండు మూడు దోసిళ్లు తాగుతున్నారు. ఆడవాళ్లు పెదాలు తడుపుకుని జరిగిపోతున్నారు. కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మను అడిగాను. "తాగితే ఏడికి పోవాలె బిడ్డా, ఇంతమంది మగోళ్ల నడుమ?" అంది. పొద్దుటి నుంచి చుక్క నీరు ముట్టలేదట.

ఆ మధ్యాహ్నమే మూడో కుండకు కొంచెం ఎడంగా, పాత చీరలు, తాటికమ్మలు కట్టి మూడు చిన్న మరుగులు ఏర్పాటు చేశాం. ఇద్దరు చెంచు ఆడపిల్లలను అక్కడే కూర్చోబెట్టాం. వాళ్లు దారిలో పోయే ఆడవాళ్లను పిలిచి చెప్పేవాళ్లు. సాయంత్రానికి ఆ కుండ దగ్గర నీటి ఖర్చు బాగా పెరిగింది. అది తృప్తినిచ్చిన మాట నిజం. కానీ టైగర్ రిజర్వు లోపల మూడు రోజుల కోసం మరుగుదొడ్లు ఎలా పెట్టాలి, ఆ తర్వాత వాటిని ఎలా తీయాలి అన్నది మేం ఇంకా తేల్చుకోలేదు. దీన్ని చిన్న విషయంగా చూసే సమావేశాల్లో నేను ప్రతిసారీ లేచి మాట్లాడుతున్నాను. జాతరకు వచ్చేవాళ్లలో సగం మంది ఒళ్లు ఎండగట్టుకుని నడుస్తున్నప్పుడు మన ఏర్పాట్లు బాగున్నాయని చెప్పుకోలేం.

అగ్గిపెట్టె, దీపం

నిప్పు విషయంలో కూడా మొదటి ఏడు మేం లాక్కోవడం మీదే ఆధారపడ్డాం. జనం అగ్గిపెట్టెలను సాక్సుల్లో, బొడ్లో, కొబ్బరికాయల సంచి అడుగున దాచారు. వాళ్లను దొంగల్లా చూశాం. వాళ్లలో ఎక్కువ మందికి అగ్గిపెట్టె ఎందుకు కావాలో అడగనే లేదు. బీడీ తాగేవాళ్లు కొందరే. మిగతావాళ్లకు లింగమయ్య ముందు కర్పూరం వెలిగించాలి, అగరుబత్తి ముట్టించాలి. ఏడాది పొడవునా అనుకున్న మొక్కు అది. అగ్గిపెట్టె లాక్కుంటే వాళ్ల మొక్కును లాక్కున్నట్టే.

రెండో ఏడు జాతరకు ముందే పెద్దాయన పూజారులతో మాట్లాడాడు. గుండం దగ్గర, బండ మీద ఇసుక పోసి, మూడు రోజులూ ఆరకుండా ఒక దీపం ఉంచడానికి వాళ్లు ఒప్పుకున్నారు. కర్పూరం, వత్తులు ఏవైనా ఆ దీపం నుంచే వెలిగించుకోవాలి, ఆ ఇసుక మీదే పెట్టాలి. రాంపూర్ దగ్గర ఆ మాట చెప్పి అగ్గిపెట్టె అడిగితే చేతులు వాటంతట అవే సంచిలోకి పోయేవి. తీసుకున్న ప్రతి పెట్టెకూ ఒక చీటీ ఇచ్చి, తిరిగి వచ్చినప్పుడు వాపసు ఇచ్చాం. రూపాయో రెండు రూపాయలో చేసే వస్తువును చీటీ రాసి దాచి ఇవ్వడం మా కుర్రాళ్లకు మొదట అనవసరమనిపించింది. తిరిగి తీసుకునేటప్పుడు భక్తుల ముఖాలు చూశాక ఆ మాట మళ్లీ అనలేదు.

బీడీ తాగేవాళ్ల సంగతి ఇంత తేలిగ్గా తెమలలేదు. అడవి లోపల పొగ తాగే చోటంటూ చూపించడానికి వీల్లేదు. అలవాటున్న ముసలివాళ్లు నాలుగు గంటలు ఆగలేరు. కుండ దగ్గరి వాచర్లు వాసన పట్టి, పక్కన కూర్చుని, మాట కలిపి ఆర్పించేవాళ్లు. అంతకంటే మెరుగైన దారి నాకు తెలియలేదు.

రెండో రోజు మధ్యాహ్నం మూడు దాటాక, మూడో కుండకు పడమటి వైపు పొగ లేచింది. ఆ వైపు ఎత్తైన బండ మీద ఒక కుర్రాడిని ఊరికే చూస్తూ కూర్చోమని పెట్టి ఉన్నాం. అతను కేక వేశాడు. అయిదారు నిమిషాల్లో నలుగురు అక్కడికి చేరారు. పచ్చి కొమ్మలు విరిచి, మంట అంచును బయటి నుంచి లోపలికి కొడుతూ, గాలి పోయే వైపు ఆకులు ఊడ్చి నేల తేల్చారు. గాలితో ఆకులను ఊదే బ్లోయర్ వచ్చేసరికి మంట చాలావరకు అదుపులోకి వచ్చింది. ఎకరంలోపే కాలింది. దారిలో ఉన్న జనాన్ని కదలకుండా కూర్చోబెట్టడం నా వంతు అయింది. పొగ చూస్తే జనం పరుగు పెడతారు, ఆ ఇరుకు దారిలో పరుగే అసలు ప్రమాదం. "కూసోండి, నీళ్లు తాగండి" అని మూడు కుండల దగ్గరా ఒకే మాట చెప్పించాం.

ఉపగ్రహాల నుంచి మంటలను గుర్తించి ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా సిబ్బంది ఫోన్లకు హెచ్చరికలు పంపుతుంది. దేశమంతా పెద్ద మంటల విషయంలో ఆ ఏర్పాటు ఎంతో మేలు చేస్తోంది. కానీ ఉపగ్రహం తన వేళకే పైనుంచి పోతుంది. ఎకరం మంట దాని కంటికి అందకపోవచ్చు. బండ మీద కూర్చున్న మనిషికి అందుతుంది. బడ్జెట్ తక్కువైనప్పుడు, "ఊరికే కూర్చునే" ఆ మనిషినే మొదట తీసేస్తారు. దయచేసి తీసేయకండి.

మంట పెట్టింది ఒక కుటుంబం. పిల్లలకు ఆకలేస్తోందని మూడు రాళ్లు పెట్టి అన్నం వండారు. వాళ్లు అప్పాయిపల్లి వైపు నుంచి కాలినడకన వచ్చారు. అటు మా మనుషులు ఒక్కరూ లేరు. కుండలు లేవు, నిప్పు గురించి చెప్పినవాళ్లూ లేరు. మేం ఒక దారిని చక్కగా చూసుకుని, రెండో దారిని వదిలేశాం. ఆ తల్లి భయంతో వణుకుతోంది. ఆమెను ఏమీ అనలేకపోయాను.

లోయ దగ్గర

2023 జాతరలో లోయ రద్దీలో భక్తులు చనిపోయిన వార్తలు అందరూ చూశారు. అక్కడ దారి ఇరుకు. ఒక పక్క రాతి గోడ, మరో పక్క పల్లం. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఎదురైతే ఒకరు ఆగాల్సిందే. వెనక నుంచి తోసేవాళ్లకు ముందున్న ఇబ్బంది కనిపించదు.

మేం మొదట ఈలలు ఇచ్చాం. లోయలో ఈల శబ్దం గోడలకు కొట్టుకుని ఎటు నుంచి వస్తోందో తెలిసేది కాదు. జనం ఇంకా కంగారు పడ్డారు. దారి చూపింది భక్తులే. దిగేటప్పుడు "వస్తున్నాం వస్తున్నాం లింగమయ్యో" అంటారు. ఎక్కేటప్పుడు "పోతున్నాం పోతున్నాం లింగమయ్యో" అంటారు. మలుపు అవతల ఎవరున్నారో కనపడకపోయినా ఏ మాట వినిపిస్తోందో తెలుస్తుంది. మలుపు దగ్గర నిలబడ్డ ఒక వాచర్ రెండో ఏడు దీన్ని పట్టుకున్నాడు. "పోతున్నాం" గట్టిగా వినిపిస్తే పైవాళ్లను ఆపేవాడు. అది తగ్గాక తానే "వస్తున్నాం" అని ఎత్తుకునేవాడు, ఆగి ఉన్న గుంపు అందుకుని కదిలేది. ఆపినంతసేపు కూడా వాళ్లు విసుక్కోలేదు. ఆ అబ్బాయికి ఎవరూ ఈ పద్ధతి నేర్పలేదు. ఇప్పుడు మా శిక్షణలో అతనే ఈ భాగం చెబుతున్నాడు.

మాట్లాడే తీరు

నాలుగో కుండ దగ్గర ఎడమకు ఒక సన్నటి కాలిబాట వాగు వైపు పోతుంది. ఆరుగురు కుర్రాళ్లు అటు తిరిగారు. ఒకడి చేతిలో ఫోను కట్టిన కర్ర. మా వాచర్ ఒక చెంచు అబ్బాయి, 20 ఏళ్లు ఉంటాయి, అడ్డం వెళ్లాడు.

"అన్నా, అటు దారి లేదు."

"ఉంది కదరా, కనపడుతోంది."

"అది జంతువులు నీళ్లకు పోయే తోవ అన్నా."

"నువ్వెవరు ఆపడానికి? ఫారెస్ట్ ఆఫీసరువా?"

అతను గొంతు పెంచలేదు. "ఆఫీసర్‌ను కాదన్నా. ఈడనే పుట్టిన. మీరు జారి పడితే సాయంత్రం మిమ్మల్ని మోసుకొచ్చేది నేనే. ఈ తోవల ఒక్కణ్ని మోసుడు నాతోని కాదు, ఆరుగుర్ని ఎట్ల మోస్త?" అన్నాడు. వాళ్లలో ఒకడికి నవ్వొచ్చింది, మరొకడు సిగ్గుపడ్డాడు. వెనక్కి తిరిగారు. పోతూ పోతూ ఇద్దరు అతనితో ఫొటో దిగారు.

శిక్షణలో మేం చట్టం సెక్షన్లు నేర్పేవాళ్లం. అవి తెలిసి ఉండాలి. కానీ దారిలో పనికొచ్చేది ఇలాంటి మాట. ఇప్పుడు శిక్షణలో సగం సమయం వాచర్లే భక్తులుగా, తాగి వచ్చినవాళ్లుగా, వీడియోలు తీసేవాళ్లుగా నటిస్తారు. మిగతావాళ్లు వాళ్లకు జవాబు చెప్పాలి. మాటకు మూడు మెట్లు పెట్టుకున్నాం. ముందు పలకరించాలి, తర్వాత కారణం చెప్పాలి, ఆ తర్వాతే వద్దనాలి. మాట వినని మనిషితో ఒంటరిగా తగవు పెట్టుకోకూడదు. అది యూనిఫాంలో ఉన్న సిబ్బంది పని.

భక్తులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "చెంచోళ్లు ఏడాదంతా ఉంటే తప్పు లేదు, మేం మూడు రోజులు వస్తే తప్పా?" అడవిలో తరతరాలుగా ఉంటున్నవాళ్ల హక్కులను గుర్తించే 2006 నాటి అటవీ హక్కుల చట్టం గురించి నేను చెప్పబోయేదాన్ని. ఆరో కుండ దగ్గరి చెంచు అక్క నాకంటే బాగా చెప్పింది. "రావొద్దని ఎవరన్నరు? చుట్టపింటికి పోతే పొయ్యి కాడికి పోయి అగ్గి పెడ్తవా? వాళ్లు ఇచ్చిన నీళ్లు తాగి, కూసోమన్న కాడ కూసుంటవు. గంతే." ఆ ప్రశ్నకు ఇప్పుడు మేమందరం ఆ జవాబే చెబుతున్నాం.

మూడు రోజుల పని, ఏడాది జ్ఞానం

సీజన్‌కు పెట్టుకున్న మనిషిని సీజన్ అయ్యాక మరిచిపోవడం ఈ రంగంలో పెద్ద జబ్బు. మొదటి ఏడు మా వైపు నుంచే కూలి డబ్బులు నెలకు పైగా ఆలస్యమయ్యాయి. రెండో ఏడు పిలిస్తే 22 మందిలో తొమ్మిది మందే వచ్చారు. మిగతావాళ్ల బదులు తీసుకున్న కొత్తవాళ్లకు మళ్లీ మొదటి నుంచి నేర్పాం. ఏ బండ పాకుడు పట్టి జారుతుందో, ఏ చెట్టు మీద తేనెపట్టు ఉందో, జనం ఎక్కడ అలిసిపోతారో తెలిసిన మనుషులను 30 రోజుల ఆలస్యంతో పోగొట్టుకున్నాం. అడవిలో జాతర అంటే తేనెటీగల సంగతి కూడా ప్రాణాల మీదికి వచ్చేదే. పొగ తగిలితే లేస్తాయి.

ఇప్పుడు జాతర ముగిసిన సాయంత్రమే, చెంచుపెంటలోనే, చేతికి డబ్బు ఇస్తున్నాం. కొలత ప్రకారం బూట్లు ముందే కొంటున్నాం. మొదటి ఏడు ఒకే సైజు కొని పంచితే సగం మంది చెప్పుల్లేకుండానే పని చేశారు. మూడు రోజులకూ ప్రమాద బీమా కట్టాం. నాలుగో రోజు శుభ్రం చేసే పనికి కూడా కూలి ఇస్తున్నాం, ఎందుకంటే ఆ రోజు వాళ్లు చూసేదే వచ్చే ఏడాది ప్లాను.

రెండో ఏడు నాలుగో రోజున దారి నడిచాం. నీడ చెట్ల కింద చెత్త పూర్తిగా పోలేదు, కానీ రెండు మూడు సంచులకు సరిపోయేంతే ఉంది. ఎక్కువ చెత్త ఈసారి దారి మీద లేదు, అన్నదానం జరిగిన చోట ఉంది. దాతలు భక్తితో పెడుతున్నారు, విస్తళ్లకు బదులు ప్లాస్టిక్ పూత ఉన్న ప్లేట్లు తెస్తున్నారు. వాళ్లతో జాతర రోజున మాట్లాడి లాభం లేదు. సరుకు కొనే ముందు, ఉగాదికి ముందే, వాళ్ల ఊళ్లకు పోయి మాట్లాడాలి. మోదుగాకు విస్తళ్లు చెంచుపెంటల్లోనే కుట్టించి వాళ్లకు అమ్మే ఆలోచన ఉంది. ఎన్ని కావాలో, ఎవరు కుడతారో లెక్క వేస్తున్నాం.

పగలకుండా మిగిలిన కుండలను రాంపూర్ ఇళ్లకు ఇచ్చేశాం. అగ్గిపెట్టెల డబ్బాలో ఎవరూ తీసుకోని చీటీలు కొన్ని మిగిలాయి. వచ్చే జాతర దాకా దాచమని పెద్దాయన అన్నాడు. దాచాను.

ఈ ఫాల్గుణంలో నడక అప్పాయిపల్లి వైపు నుంచి మొదలుపెడుతున్నాం. ఆ దారిలో జనం ఎక్కడ ఆగుతారో నాకింకా తెలియదు. అటు ఊళ్ల నుంచి అయిదుగురిని తీసుకున్నాం, ఇద్దరు ఆడవాళ్లు. పెద్దాయన మోకాలు నొప్పిగా ఉందంటూనే, వాగు దాకా తాను కూడా వస్తానని కబురు పంపాడు.